శీతల సంలీనం – సత్యాన్వేషణ

పాఠ్యభాగ పరిచయం

విజ్ఞానశాస్త్ర చరిత్ర అంటే మనకు సాధారణంగా విజయగాథలే జ్ఞప్తికి వస్తాయి. కాని ఒక ప్రకటన సత్యమా కాదా అని తేల్చుకొనడానికి శాస్త్రజ్ఞులు పడిన శ్రమ కూడ ఆ చరిత్రలో ముఖ్యమైన భాగమే. 1989వ సంవత్సరంలో ప్రపంచాన్ని ఉర్రూతలూగించిన 'శీతల సంలీనం' వృత్తాంతం అటువంటిది. ఈ ప్రకటనను పరీక్షించడానికి వివిధ దేశాలలో జరిగిన ప్రయోగాలను, వాటివల్ల మనం నేర్చుకొనదగిన విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

1989 మార్చి 23వ తేదీన అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నగరంలో, యూటా విశ్వవిద్యాలయం ఒక పత్రికా సమావేశాన్ని ఏర్పాటు చేసింది. ఆ సమావేశంలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు విలేకరుల ముందుకు వచ్చారు. వారిలో ఒకరు ఇంగ్లండుకు చెందిన మార్టిన్ ఫ్లైష్మన్. ఆయన విద్యుద్రసాయన శాస్త్రంలో పేరుగాంచిన పండితుడు, రాయల్ సొసైటీ సభ్యుడు. రెండవవారు యూటా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర శాఖాధ్యక్షుడైన స్టాన్లీ పాన్స్. సూర్యగోళంలో జరిగే కేంద్రక సంలీనాన్ని తాము గది ఉష్ణోగ్రత వద్ద, బల్లమీద పెట్టుకొనదగిన గాజుపాత్రలో సాధించామని వారు ప్రకటించారు.

ఈ మాట విన్నవారికి ఆశ్చర్యం, ఆనందం ఒకేసారి కలిగాయంటే వింత లేదు. బొగ్గు, చమురు నిల్వలు నానాటికీ తరిగిపోతున్నాయి. యురేనియం కేంద్రకాలను విచ్ఛిత్తి చేస్తే శక్తి లభించినా దాని వెంట రేడియోధార్మిక వ్యర్థాలు మిగులుతాయి. సముద్రజలంలో అపారంగా ఉన్న డ్యుటీరియమే ఇంధనమైతే మానవజాతికి శక్తి కొరత అన్నది ఉండదు. దీపం లేని ఇల్లు, నీరు ఎక్కని పొలం ఉండవు. ఆనాటి ఆశ అంత గొప్పది. అందువల్లనే అది నిజమా కాదా అన్న ప్రశ్న కూడ అంత గొప్పదైంది.

ఈ విషయం అర్థం కావాలంటే ముందుగా సంలీనమంటే ఏమిటో తెలుసుకోవాలి. రెండు తేలిక కేంద్రకాలు కలిసి ఒక బరువైన కేంద్రకంగా మారడమే కేంద్రక సంలీనం. ఆ మార్పులో కొంత ద్రవ్యరాశి తరిగి శక్తిగా వెలువడుతుంది. అయితే కేంద్రకాలన్నీ ధనావేశం కలవి. అవి ఒకదానినొకటి దగ్గరకు రానీయవు. ఆ వికర్షణను జయించడానికి అవి మహావేగంతో ఢీకొనాలి. అంటే అత్యధిక ఉష్ణోగ్రత కావాలి. సూర్యుని గర్భంలో సుమారు కోటి యాభై లక్షల డిగ్రీల ఉష్ణోగ్రత ఉంటుంది. భూమి మీద సంలీన యంత్రాలను నడపడానికి అంతకు పదిరెట్లు, అంటే దాదాపు పదిహేను కోట్ల డిగ్రీలు కావాలని శాస్త్రజ్ఞుల అంచనా. అటువంటిది వంటింటి గిన్నెంత పాత్రలో సాధ్యమైందంటే నమ్మడం సులభం కాదు.

అయినా ఆ ఊహకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. పల్లాడియం అనే లోహానికి ఒక విచిత్ర గుణం ఉంది. స్పంజి నీటిని పీల్చుకున్నట్లు అది హైడ్రోజన్ వాయువును పీల్చుకుంటుంది. తన ఘనపరిమాణానికి సుమారు తొమ్మిది వందల రెట్ల వాయువును తనలో ఇముడ్చుకొనగలదు. ఈ గుణాన్ని పందొమ్మిదవ శతాబ్దంలోనే థామస్ గ్రాహం అనే శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. 1926లో బెర్లిన్ నగరంలో పానెత్, పీటర్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, పల్లాడియంలో ఇమిడిన హైడ్రోజన్ హీలియంగా మారిందని ప్రకటించారు. కాని మరుసటి సంవత్సరమే వారు ఆ ప్రకటనను తామే ఉపసంహరించుకున్నారు. తాము చూసిన అత్యల్ప హీలియం, వేడెక్కిన గాజునుంచి, ఉపకరణంలోని ఇతర పదార్థాలనుంచి వెలువడినదని వారు స్వయంగా కనుగొన్నారు. తమ పొరపాటును తామే వెదకి పట్టుకొని లోకానికి చెప్పిన ఆ ఇద్దరి నిజాయితీ స్మరణీయం.

ఫ్లైష్మన్, పాన్స్‌లు చేసిన ప్రయోగం చూడడానికి సరళమైనది. వారు గాజుపాత్రలో భారజలాన్ని పోసి, అందులో లిథియం లవణాన్ని కలిపారు. సాధారణ జలంలోని హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం ఉన్న జలమే భారజలం. మన మణుగూరులోని కర్మాగారంలో అణువిద్యుత్ కేంద్రాల కోసం తయారవుతున్నది ఈ జలమే. పల్లాడియం కడ్డీని ఋణధ్రువంగాను, దాని చుట్టూ ప్లాటినం తీగను ధనధ్రువంగాను అమర్చి విద్యుత్తును ప్రసరింపజేశారు. విద్యుద్విశ్లేషణ వల్ల భారజలం విడిపోయి డ్యుటీరియం పల్లాడియంలోనికి చేరుతుంది. ఇలా దినాలు, వారాలు గడిచిన తరువాత కొన్ని పాత్రలలో, తాము అందించిన విద్యుచ్ఛక్తికంటె ఎక్కువ వేడి పుట్టిందని వారు చెప్పారు. ఆ అధికోష్ణానికి రసాయనిక కారణం చూపలేము కనుక అది కేంద్రక చర్యయే కావాలన్నది వారి వాదం.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుట్టాయి. ఆ వేడి నిజంగా అధికమేనా అన్నది మొదటిది. అది సంలీనం వల్లనే పుట్టిందా అన్నది రెండవది. తదనంతరం జరిగిన ప్రయోగాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగినవే.

రెండవ ప్రశ్నను ముందు చూద్దాం. మంట మండిన చోట బూడిద మిగలాలి. రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిసినప్పుడు ఏమి మిగులుతుందో భౌతికశాస్త్రజ్ఞులకు అప్పటికే బాగా తెలుసు. దాదాపు సగం సందర్భాలలో హీలియం-3తోబాటు ఒక న్యూట్రాన్ వెలువడుతుంది. మిగిలిన సగంలో ట్రిటియం, ప్రోటాన్ ఏర్పడతాయి. చాల అరుదుగా, సుమారు పది లక్షలలో ఒకసారి, హీలియం-4తోబాటు గామా కిరణం వెలువడుతుంది. ఈ లెక్క ప్రకారం ఒక్క వాట్ వేడి సంలీనం వల్ల పుట్టాలంటే సెకనుకు దాదాపు లక్ష కోట్ల న్యూట్రాన్లు బయటికి రావాలి. అంతటి వికిరణం ఎదుట, ఏ రక్షణా లేకుండ నిలిచినవారికి ప్రాణాపాయం తప్పదు. ఫ్లైష్మన్, పాన్స్‌లు పేర్కొన్న న్యూట్రాన్ల సంఖ్య అందులో కోటవ వంతు కూడ లేదు. ప్రయోగశాలలోని వారందరూ ఆరోగ్యంగా ఉండడమే ఆ ప్రకటనకు ప్రతికూల సాక్ష్యమని భౌతికశాస్త్రజ్ఞులు చమత్కరించారు.

అదే యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ జోన్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఇటువంటి ప్రయోగాలనే చేస్తున్నాడు. ఆయన వేడి విషయం ఎత్తలేదు. అతి స్వల్ప సంఖ్యలో న్యూట్రాన్లు కనిపించాయని మాత్రమే చెప్పాడు. ఇరుపక్షాలవారు తమ పత్రాలను మార్చి 24న ఒకేసారి 'నేచర్' పత్రికకు పంపుదామని అనుకున్నారు. కాని ఒకనాడు ముందుగానే యూటా విశ్వవిద్యాలయం పత్రికా సమావేశం జరిపింది. ఎవరు ముందు అన్న పోటీ, ఏది నిజం అన్న విచారణను వెనుకకు నెట్టింది. సహ శాస్త్రజ్ఞులు పరిశీలించడానికి తగిన వివరాలు వెలువడకముందే వార్త లోకమంతా పాకిపోయింది. దూరదర్శన్ తెరలమీద కనిపించిన చిత్రాలను చూసి, పాత్ర కొలతలను ఊహించి, ప్రయోగాలు మొదలుపెట్టినవారు సైతం ఉన్నారు.

తరువాతి వారాలలో జరిగిన సంఘటనలు ఉత్కంఠభరితమైనవి. ఏప్రిల్ నెలలో జార్జియా సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు తమకు న్యూట్రాన్లు కనిపించాయన్నారు. కొన్ని దినాలకే ఆ మాటను వెనుకకు తీసుకున్నారు. న్యూట్రాన్లను లెక్కించే వారి పరికరం వేడి తగిలినప్పుడు తప్పు సంఖ్యలు చూపుతోందని తేలింది. టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయ బృందం అధికోష్ణం వచ్చిందన్నది. ఉష్ణోగ్రతను కొలిచే సాధనపు విద్యుత్ సంధానంలో దోషమున్నట్లు తరువాత గ్రహించి సరిదిద్దుకున్నది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన రిచర్డ్ పెట్రాసో బృందం, యూటా శాస్త్రజ్ఞులు చూపిన గామా కిరణాల రేఖాచిత్రాన్ని నిశితంగా పరిశీలించింది. న్యూట్రాన్ల వల్ల ఏర్పడిన గామా రేఖకు ఉండవలసిన లక్షణాలు దానికి లేవని నిరూపించింది.

ఇక మొదటి ప్రశ్న – వేడి. వేడిని కొలవడం పైకి కనిపించినంత తేలిక కాదు. పాత్రలోనికి పంపిన విద్యుత్తులో కొంతభాగం భారజలాన్ని డ్యుటీరియం, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టడానికి ఖర్చవుతుంది. మిగిలినది వేడిగా మారుతుంది. ఆ వాయువులు పూర్తిగా బయటికి పోయాయని భావించి లెక్క వేస్తే ఒక ఫలితం వస్తుంది. కాని పాత్రలోనే కొంతభాగం మరల కలిసి నీరైతే, విడగొట్టడానికి ఖర్చయిన శక్తి వేడిగా తిరిగి వస్తుంది. దానిని గమనించని ప్రయోగకర్తకు అది ఎక్కడినుంచో వచ్చిన అదనపు వేడిగా తోస్తుంది. అదీగాక పాత్రలో ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ ఉష్ణోగ్రత ఉంటే, ఉష్ణమాపకాన్ని ఎక్కడ పెట్టామన్నదానిని బట్టి ఫలితం మారిపోతుంది.

కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో నేథన్ లూయిస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ విషయాలన్నింటిని దృష్టిలో పెట్టుకొని అనేక విధాలుగా ప్రయోగాలు చేశారు. అధికోష్ణం గాని, న్యూట్రాన్లు గాని, ట్రిటియం గాని, హీలియం గాని వారికి కనిపించలేదు. ద్రవాన్ని బాగా కలియబెట్టకపోతే కొలతలలో దోషం రాగలదని వారు ఎత్తిచూపారు. 1989 మే 1న బాల్టిమోర్‌లో జరిగిన భౌతికశాస్త్రజ్ఞుల సభలో లూయిస్ ఈ ఫలితాలను వెల్లడించాడు. దీనికి ఫ్లైష్మన్, పాన్స్‌లు ఊరకుండలేదు. పాత్రలో పుట్టే బుడగలే ద్రవాన్ని చక్కగా కలుపుతాయని, రంగు చుక్క వేసి తీసిన చిత్రాన్ని ఆ నెలలోనే మరొక సభలో ప్రదర్శించారు. అయినా సంశయాలు తీరలేదు. సాధారణ జలంతో అదే ప్రయోగం చేసి పోల్చిచూపిన ఫలితాలు వారి తొలి పత్రంలో లేకపోవడం పెద్ద లోపంగా మిగిలింది.

ఇంగ్లండులోని హార్వెల్ అణు పరిశోధనాలయం మరింత విస్తృతంగా పరీక్ష జరిపింది. ఫ్లైష్మన్ ఆ సంస్థకు సలహాదారు. కనుక అక్కడి శాస్త్రజ్ఞులకు ప్రయోగ వివరాలు ఆయననుంచే లభించాయి. డేవిడ్ విలియమ్స్ నాయకత్వంలో దాదాపు మూడు నెలలు శ్రమించినా ఫలితం శూన్యమైంది. పాన్స్ ప్రయోగశాలలోనే అయిదు వారాలపాటు పరికరాలను అమర్చి గమనించిన యూటా భౌతికశాస్త్రజ్ఞుడు మైకేల్ సాలమన్‌కు సైతం సంలీనాన్ని సూచించే వికిరణం కనిపించలేదు. మిత్రుని సలహాతో చేసినా, స్వంత ఇంటిలో చూసినా అదే సమాధానం.

మనదేశం కూడ ఈ అన్వేషణలో పాల్గొన్నది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో, అప్పటి సంచాలకులు పి.కె. అయ్యంగార్ ప్రోత్సాహంతో, అనేక బృందాలు 1989లోనే ప్రయోగాలు చేశాయి. భారజలాన్ని, ట్రిటియాన్ని గురించి చిరకాలంగా పరిశోధిస్తున్న సంస్థ అది. అక్కడివారు వేడికంటె కేంద్రక చర్యల గుర్తులకే ప్రాధాన్యమిచ్చారు. ట్రిటియం, న్యూట్రాన్లు కనిపించాయని నివేదించారు. అయితే తెలిసిన సిద్ధాంతం ప్రకారం ఆ రెండూ దాదాపు సమానంగా ఉండాలి. వారికి ట్రిటియమే ఎన్నో లక్షల రెట్లు అధికంగా కనిపించింది. ఈ వైషమ్యానికి సర్వసమ్మతమైన వివరణ లభించలేదు. ఆ ఫలితాలు శాస్త్రలోకపు ఆమోదం పొందలేదు. 1990వ దశకం తొలి సంవత్సరాలలోనే ఆ కృషి మందగించింది.

అమెరికా ప్రభుత్వ ఇంధనశాఖ నియమించిన నిపుణుల సంఘం 1989 నవంబరులో తన నివేదికను సమర్పించింది. శీతల సంలీనానికి నమ్మదగిన సాక్ష్యం లేదని, దానికోసం ప్రత్యేక సంస్థలు అవసరం లేదని, స్పష్టమైన ప్రశ్నలను తేల్చగల కొద్ది ప్రయోగాలకు మాత్రం మితంగా సహాయం చేయవచ్చని అది సూచించింది. ఈలోగా యూటా రాష్ట్ర శాసనసభ అయిదు మిలియన్ డాలర్లు మంజూరు చేయగా, ఆ సొమ్ముతో జాతీయ శీతల సంలీన సంస్థ వెలిసింది. 'ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం' అన్న సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1991లో ఆ సంస్థ మూతబడింది.

ఈ అన్వేషణ ఒక ప్రాణాన్ని కూడ బలిగొన్నది. 1992 జనవరిలో కాలిఫోర్నియాలోని ఒక పరిశోధనాలయంలో ప్రయోగపాత్ర పేలి ఒక శాస్త్రజ్ఞుడు మరణించాడు. పేలుడుకు కారణం సంలీనం కాదు. వాయువులు మరల కలవడం అనే సామాన్య రసాయన చర్యయే. సాధారణమైనదని తలచే చోట సైతం ప్రయోగకర్త జాగ్రత్త వహించాలని ఆ దుర్ఘటన హెచ్చరిస్తున్నది.

ఫ్లైష్మన్, పాన్స్‌లు ఫ్రాన్సు దేశానికి వెళ్ళి, జపాను వారి ఆర్థిక సహాయంతో పరిశోధన కొనసాగించారు. ఆ ప్రయోగశాల కూడ 1998లో మూతబడింది. ఫ్లైష్మన్ 2012లో కన్నుమూశాడు. అయినా కొందరు శాస్త్రజ్ఞులు పట్టు విడువలేదు. 2004లో అమెరికా ఇంధనశాఖ మరొకసారి నిపుణులచేత సమీక్ష చేయించగా, తుది నిర్ణయంలో పెద్ద మార్పు రాలేదు. 2015లో గూగుల్ సంస్థ సహాయంతో ముప్పదిమంది వరకు పరిశోధకులు ఈ సమస్యను మొదటినుంచి తిరిగి చేపట్టారు. 2019లో 'నేచర్' పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. శీతల సంలీనానికి ఏ నిదర్శనమూ దొరకలేదు. కాని ఆ శ్రమ వృథా కాలేదు. లోహాలలో హైడ్రోజన్‌ను దట్టంగా నింపే పద్ధతులు, కఠిన పరిస్థితులలో వేడిని కచ్చితంగా కొలిచే సాధనాలు మెరుగుపడ్డాయి.

2025లో కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మరొక అడుగు వేశారు. డ్యుటీరియం అయాన్లను వేగంగా పల్లాడియం మీదికి పంపితే కొద్దిపాటి సంలీనం జరుగుతుంది. ఇది తెలిసిన విషయమే. అదే లోహంలో విద్యుద్రసాయన పద్ధతిలో అదనంగా డ్యుటీరియం నింపినప్పుడు ఆ సంలీన వేగం సగటున 15 శాతం పెరిగిందని, న్యూట్రాన్లను లెక్కించి వారు చూపారు. వచ్చిన శక్తి మాత్రం ఖర్చు చేసిన శక్తిలో లేశమాత్రమే. ఇది 1989 నాటి ప్రకటనకు సమర్థన కాదు. వేడిని నమ్ముకొనక న్యూట్రాన్లను సాక్ష్యంగా నిలపడం, అతిశయోక్తికి తావీయకపోవడం దీనిలోని విశేషం.

విద్యార్థులారా! ఫ్లైష్మన్, పాన్స్‌లు లోకాన్ని మోసగించాలనుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు. తాము చూసినది నిజమని వారు నమ్మారు. ఆ నమ్మకమే వారి కన్నులకు పొర అయింది. తనకు ఇష్టమైన ఫలితాన్నే ఎక్కువ కఠినంగా పరీక్షించుకోవడం శాస్త్రజ్ఞుని ధర్మం. ఒక ప్రయోగం నిజమైనదైతే అది ఒకరి చేతిలోనే కాక పదిమంది చేతులలోను ఫలించాలి. మీ కళాశాల ప్రయోగశాలలో పాఠ్యపుస్తకంలోని విలువకు సరిపోయేటట్లు అంకెలను సవరించాలన్న కోరిక మీకు ఎప్పుడైనా కలిగితే, ఆ గాజుపాత్రను ఒకసారి తలచుకోండి. కొలిచినది కొలిచినట్లే వ్రాయండి. నిజం నిలకడమీద తేలుతుంది. ఆ నిలకడను అలవరచుకోవడమే శాస్త్రాధ్యయనానికి పరమార్థం.

కఠిన పదాలకు అర్థాలు

సంలీనం = కలిసిపోవడం, ఒకటిగా మారడం
విచ్ఛిత్తి = విడిపోవడం, ముక్కలు కావడం
వికర్షణ = దూరంగా నెట్టివేయడం
అధికోష్ణం = అదనంగా పుట్టిన వేడి
వికిరణం = కిరణాల రూపంలో వెలువడే శక్తి
ఉపసంహరించుకొను = వెనుకకు తీసుకొను
నిశితంగా = సూక్ష్మంగా, పదునుగా
వైషమ్యం = పొంతన లేకపోవడం
నిదర్శనం = రుజువు
పరమార్థం = అసలు ప్రయోజనం

అభ్యాసం

అ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. మంట మండిన చోట బూడిద మిగలాలి.
2. ఎవరు ముందు అన్న పోటీ, ఏది నిజం అన్న విచారణను వెనుకకు నెట్టింది.
3. కొలిచినది కొలిచినట్లే వ్రాయండి.

ఆ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఫ్లైష్మన్, పాన్స్‌ల ప్రకటనను పరీక్షించడానికి వివిధ సంస్థలు చేసిన ప్రయోగాలను వివరించండి.
2. వేడిని కొలవడంలో దొర్లగల దోషాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఇ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పల్లాడియం విచిత్ర గుణాన్ని తెలపండి.
2. పానెత్, పీటర్స్‌ల నిజాయితీ ఎటువంటిది?
3. భాభా అణు పరిశోధన కేంద్రంలో లభించిన ఫలితాలలోని వైషమ్యం ఏమిటి?
4. 2015లో ఆరంభమైన పరిశోధన వల్ల కలిగిన ప్రయోజనాలేవి?

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. భారజలం అంటే ఏమిటి?
2. హార్వెల్‌లో ప్రయోగాలకు నాయకత్వం వహించినవారెవరు?
3. జార్జియా శాస్త్రజ్ఞుల పరికరంలోని దోషమేమిటి?

ఉ) సంధులు
శాస్త్రాధ్యయనం = శాస్త్ర + అధ్యయనం – సవర్ణదీర్ఘ సంధి
అధికోష్ణం = అధిక + ఉష్ణం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
విద్యుద్విశ్లేషణ = విద్యుత్ + విశ్లేషణ – జశ్త్వ సంధి

ఊ) సమాసాలు
భారజలం = భారమైన జలం – విశేషణ పూర్వపద కర్మధారయం
కేంద్రక సంలీనం = కేంద్రకముల యొక్క సంలీనం – షష్ఠీ తత్పురుష
మూడు నెలలు = మూడు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం